సాగర్, డిండి నీళ్లకు ట్రోలింగ్ సెట్టు: మోటార్ కన్నా ముందు బ్యాటరీ, వైరు చూడండి

గట్టు మీది నుంచి గాలం వేసి వేసి ఇక పడవ కొందామనుకునే వాళ్లు ముందుగా అడిగేది మోటార్ గురించే. ఏ కంపెనీది, ఎన్ని పౌండ్లది అని. ఇక్కడ సమీక్షిస్తున్నది సెట్టు మొత్తాన్ని: గాలి నింపే పడవ, 12 వోల్టుల ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటార్, బ్యాటరీ, వైరింగ్, రెండు రాడ్లు. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్, డిండి, జూరాల, సోమశిల వైపు శ్రీశైలం నీళ్లు లాంటి పెద్ద జలాశయాల్లో ఈ సెట్టు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఊరి చెరువుకు మాత్రం దండగ. చెరువులో లోతు తక్కువ. తామర, నాచు, గుర్రపు డెక్క, తూటికాడ, వాటి మధ్య వలలు. అక్కడ మోటార్ నడిచేదానికన్నా ఆగేదే ఎక్కువ. కొర్రమట్ట కోసం చెరువుకు వెళ్లే వాళ్లకు గట్టు మీది నుంచి కప్ప లూర్ (కప్పలా కనిపించే ఉత్తుత్తి ఎర) విసరడమే సరైన పద్ధతి.

ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. ట్రోలింగ్ అంటే పడవ మెల్లగా నడుస్తుంటే వెనక లూర్ ఈదుకుంటూ రావడం. కాబట్టి పరకలను వేటాడి తినే చేపే దీనికి పడుతుంది. మన కృష్ణ నీళ్లలో వాలుగ, పెద్ద జెల్ల ఈ కోవలోవి. రవ్వ, బొచ్చ, బంగారు తీగ కావాలనుకునే వాళ్లు ఈ సెట్టు కొని నిరాశ పడొద్దు. వాటికి పిండి ఎర, ఓపిక చాలు.

ఇక మోటార్. పడవ వెనక చెక్కకు బిగించే రకంలో 30 పౌండ్ల థ్రస్ట్, అంటే పడవను నెట్టే బలం, సరిపోతుంది. లెక్క ఇలా వేసుకోవాలి. మొత్తం బరువులో ప్రతి 45 కిలోలకు 2 పౌండ్ల థ్రస్ట్ కనీసం కావాలి. ఇద్దరు మనుషులు 150 కిలోలు, పడవ 20, మోటార్ 9 లేదా 10, బ్యాటరీ 12 నుంచి 30, సామాను 20 అనుకుంటే మొత్తం 211 నుంచి 230 కిలోలు. అంటే 10 పౌండ్ల దగ్గర. గాలికి ఎదురు వెళ్లడానికి దాన్ని రెట్టింపు చేసినా 20 దగ్గరే. 55 పౌండ్లది కొంటే పడవ రెట్టింపు వేగంతో పోతుందనుకోవడం పొరపాటు. ఈ మోటార్ల ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల పై వేగం గంటకు 5, 6 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పెద్ద మోటార్‌తో వచ్చేది వేగం కాదు, గాలిలో నిలదొక్కుకునే బలం. దానికి బదులుగా అది ఫుల్లులో 50 ఆంపియర్ల దాకా తాగుతుంది. సాగర్ మధ్యలోకి రోజూ వెళ్లే వాళ్లకు 40, 45 పౌండ్లది తీసుకుంటే అర్థం ఉంది. 55 వద్దు.

ఈ తరగతిలో చాలామంది చూసేది మిన్ కోటా ఎండ్యూరా సీ2 30. ముందుకు 5 స్పీడ్లు, వెనక్కి 3. షాఫ్ట్ (మోటార్‌ను నీళ్లలోకి దించే కడ్డీ) పొడవు 30 అంగుళాలు, లోహానికి బదులు కాంపోజిట్ షాఫ్ట్, పొడవు సర్దుకునే హ్యాండిల్. ఫుల్ స్పీడులో 30 ఆంపియర్లు లాగుతుంది. షాఫ్ట్ రాయికి తగిలినా వంగి మళ్లీ నిటారుగా రావడం మన రాతి నీళ్లకు పెద్ద సుగుణం. 30 అంగుళాల పొడవు గాలి పడవకు సరిగ్గా సరిపోతుంది. ప్రొపెల్లర్ పై అంచు నీటిమట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు కింద ఉండాలి. అంతకన్నా పైకుంటే గాలిని పీల్చి బుడగలు కక్కుతుంది, కరెంటు వృథాగా పోతుంది, పడవ కదలదు.

ఈ మోటార్‌లో, ఇలా మెట్లుగా స్పీడు మారే అన్ని మోటార్లలోనూ, ట్రోలింగ్‌కు ఇబ్బంది పెట్టేది ఆ మెట్లే. 2లో పెడితే లూర్ సోమరిగా ఊగుతుంది, 3లో పెడితే ఎక్కువవుతుంది. మధ్యలో ఏమీ లేదు. పైగా తక్కువ స్పీడులో కొంత కరెంటు కాయిల్‌లో వేడిగా పోతుంది. హ్యాండిల్ తిప్పితే స్పీడు కొంచెం కొంచెంగా మారే రకం ఖరీదు ఎక్కువే. కానీ పొద్దంతా ట్రోలింగే చేసే వాళ్లకు బ్యాటరీ ఆదాతో ఆ తేడా తీరుతుంది. మెట్ల మోటార్ ఉన్న వాళ్లకు చౌకైన ఉపాయం ఒకటుంది. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టి, పొట్టి తాడుతో పడవ మధ్యలో పక్కకు కట్టి నీళ్లలో వదలాలి. 3లో నడిపినా వేగం గంటకు అర కిలోమీటర్ మేర తగ్గుతుంది, పక్క గాలికి పడవ కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. తాడు ప్రొపెల్లర్‌ను అందుకోనంత పొట్టిగా ఉండాలి, అది మరవొద్దు.

బ్యాటరీ దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. కారు బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఒక్కసారిగా కరెంటు ఇచ్చేది. దాన్ని గంటల తరబడి పిండితే కొన్ని నెలల్లోనే పనికిరాకుండా పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ లోతుగా వాడుకోవడానికి తయారైనదే. కానీ 50 కిలోలు దాటే బరువు, లోపల కదిలే యాసిడ్. గాలి పడవలో అది ఒరిగితే యాసిడ్ చేతులనూ పడవనూ రెండింటినీ తింటుంది. పుట్టిలో అయితే తూకం పూర్తిగా ఒక పక్కకు పోతుంది. కాబట్టి దాన్ని పడవ ఎక్కించొద్దు.

మిగిలేవి రెండు. సీల్ చేసిన 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 30 కిలోల దాకా ఉంటుంది. అందులో సగమే వాడుకోవాలి, అంటే 50 ఏహెచ్. సగం స్పీడులో మోటార్ 12 నుంచి 15 ఆంపియర్లు తీసుకుంటే మూడున్నర గంటలు వస్తుంది. ఫుల్లులో గంటన్నర కూడా గట్టిగా రాదు, ఎందుకంటే ఎక్కువ కరెంటు లాగితే ఈ రకం బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుంది. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు 11, 12 కిలోలే. అందులో 85, 90 ఏహెచ్ నిశ్చింతగా వాడుకోవచ్చు. సగం స్పీడులో ఆరు గంటలకు పైనే. ఖరీదు లెడ్ దానికి రెండింతలు దాటినా మా ఓటు దీనికే. కొనేటప్పుడు లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) నిరంతరంగా కనీసం 50 ఆంపియర్లు ఇవ్వగలదా అని అడగాలి. చౌకగా దొరికే సోలార్ లైటు ప్యాకుల్లో అది 20, 30 దగ్గరే ఉండి, ఎదురు గాలిలో ఫుల్ స్పీడు పెట్టగానే కరెంటు కట్ అయిపోతుంది.

లిథియానికి మన ఎండే శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. అద్దాలు మూసిన కారులో ఇంకా ఎక్కువ. ఈ రకం బ్యాటరీల చార్జింగ్‌కు కంపెనీలు సాధారణంగా పెట్టే హద్దు 45 డిగ్రీలు. తెచ్చిన వెంటనే వేడి మీద చార్జర్ తగిలించకుండా నీడలో రెండు గంటలు ఉంచాలి. లెడ్ బ్యాటరీకి వోల్ట్‌మీటర్ చాలు. లోడు లేకుండా 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు, ఇక తిరుగు ముఖం పట్టాలి. లిథియానికి వోల్టేజీ నమ్మొద్దు. చివరిదాకా 13 చుట్టూ నిలబడి, ఉన్నట్టుండి పడిపోతుంది. దానికి లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ లెక్కపెట్టే షంట్ మీటరో, బ్లూటూత్ యాప్ ఉన్న బీఎంఎసో తప్పనిసరి.

వైరు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. బ్యాటరీ పడవ ముందు భాగంలో, మోటార్ వెనక ఉండాలి, అప్పుడే పడవ తూకంగా నిలుస్తుంది. అంటే పోనూ రానూ 6 మీటర్ల రాగి వైరు పడుతుంది. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులు వైరులోనే పోతాయి. మోటార్‌కు 12 వోల్టుల బదులు 10.7 చేరుతుంది, వైరు చేతికి వేడిగా తగులుతుంది, థ్రస్ట్ కళ్ల ముందే పడిపోతుంది. మోటార్ బాగాలేదని చాలామంది అనుకునేది ఇక్కడే. 6 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం అర వోల్టు, 10 అయితే మూడో వంతు వోల్టు. 10 వేయండి. సన్నటి పోగులతో మెత్తగా వంగే రాగి వైరు అడగాలి, అల్యూమినియం కాదు. చివరలకు థింబుల్ (వైరు కొనకు తొడిగే లోహపు తొడుగు) పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కించి, పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన థింబుల్ తడికి వదులై నిప్పురవ్వలు రాలుస్తుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 50 ఆంపియర్ల బ్రేకర్ ఉండాలి. ఇంటి మీటర్ పక్కన ఉండే ఎంసీబీ ఏసీ కరెంటుకు చేసినది, డీసీలో ఆర్క్ (స్విచ్ విడేటప్పుడు లేచే మెరుపు) ఆగకుండా కాలిపోవచ్చు. డీసీ అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

పడవ విషయానికి వస్తే, చౌక తరగతిలో ఇంటెక్స్ ఎక్స్‌కర్షన్ 5 బాగా కనిపిస్తుంది. పొడవు 366 సెంటీమీటర్లు, ఇద్దరికి సామానుతో సహా విశాలం. మోటార్ మౌంట్ విడిగా కొనుక్కోవాలి. ఇలాంటి వినైల్ పడవల్లో గాలి పీడనం ఒక పీఎస్ఐకి (టైరు గాలి కొలిచే కొలతే) అటూ ఇటూగా ఉంటుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర గట్టిగా నింపి, మధ్యాహ్నం పడవ చర్మం 45కి చేరితే లోపల ఇంకో పీఎస్ఐ దాకా పెరిగే వీలుంది, అంటే రెట్టింపు. అతుకులు విడిపోవడానికి ఇదే పెద్ద కారణం. నీళ్ల మీద ఉన్నంతసేపు కింది నుంచి చల్లదనం కాపాడుతుంది. ఒడ్డుకు లాగి ఎండలో పెట్టి అన్నానికి కూర్చున్నప్పుడే పగులుతుంది. ఒడ్డుకు రాగానే ప్రతి అరలోంచీ కొంచెం గాలి తీసేయాలి. చెక్క ట్రాన్సమ్ (మోటార్ బిగించే వెనక పలక) ఉన్న 0.9 మిల్లీమీటర్ల పీవీసీ పడవలు మూడు పీఎస్ఐ దాకా తట్టుకుంటాయి, వాటికి ఈ భయం తక్కువ. మోటార్ కూడా వాటి మీద ఊగకుండా నిలబడుతుంది. ఏడాదికి పది పదిహేను సార్లకు మించి వెళ్లే వాళ్లు నేరుగా ఇవే కొనడం మంచిది.

ముళ్ల సంగతి. మన చెరువు గట్లూ జలాశయాల ఒడ్లూ సర్కారు తుమ్మతో నిండి ఉంటాయి. ఎండిన ముల్లు మట్టిలో కలిసిపోయి కంటికి కనపడదు. పడవ విప్పేముందు టార్పాలిన్ పరచాలి. నీళ్లలోకి ఇద్దరు ఎత్తుకుని తీసుకెళ్లాలి, ఈడ్చొద్దు. పంక్చర్ పడితే సైకిల్ ట్యూబు సొల్యూషన్ పీవీసీకి అతుక్కోదు, ఒక రోజు నిలిచినా ఎండకు లేచిపోతుంది. పీవీసీ పడవలకు వచ్చే పాలీయురేతేన్ జిగురు, అదే రకం ప్యాచ్ కావాలి. గాలి పూర్తిగా తీసి, అసిటోన్‌తో తుడిచి, రెండు వైపులా పల్చగా పూసి, జిగురు చేతికి అంటనంతగా ఆరాక అతికించి, బరువు పెట్టి 24 గంటలు వదిలేయాలి. అదే పూట గాలి కొడితే ఊడుతుంది.

ట్రోలింగ్ సలహాల్లో మొదటిది జలాశయం మట్టం. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఆ నీటిలో ఫిష్ ఫైండర్ (లోతునూ చేపలనూ చూపే పరికరం) మీద 12 మీటర్లు చూపిన చోటు, మట్టం 550కి దిగితే ఒడ్డు అవుతుంది. అందుకే గుర్తు పెట్టుకున్న ప్రతి చోటు పక్కన ఆ రోజు మట్టం కూడా రాసుకోవాలి. ఈ మట్టాలు రోజూ పేపర్లలో వస్తూనే ఉంటాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, అక్కడా ఇదే లెక్క. వాలుగ ఉండేది పాత వాగు లోయ అంచుల్లో, నీట మునిగిన గుట్ట వాలుల్లో. కాబట్టి లోతు 4 నుంచి 7 మీటర్లకు జారే గీత వెంట పడవ నడపాలి, నడి నీళ్లలో తిరగడం వల్ల ఏమీ రాదు.

వేగం గంటకు 3 నుంచి 4 కిలోమీటర్లు. ఫోన్‌లో జీపీఎస్ చూపే వేగం చాలు. కానీ గాలికి అనుకూలంగా, ఎదురుగా నడిచినప్పుడు ఒకే స్పీడు నంబర్ మీద వేగం మారుతుంది, అందుకే నంబర్ చూడకుండా ఫోన్ చూడాలి. ఇంకో గుర్తు రాడ్ కొన. డైవింగ్ లూర్ (లాగితే కిందికి మునిగే రకం) సరిగ్గా ఈదుతుంటే కొన సన్నగా, ఆగకుండా వణుకుతుంది. ఆ వణుకు మొద్దుబారి బరువుగా వంగిందంటే గాలానికి నాచు తగిలింది. వణుకు పూర్తిగా ఆగిందంటే లూర్ తిరగబడింది, లేదా తాడే దాని ముందరి గాలానికి చుట్టుకుంది. రాడ్ హోల్డర్‌లో రాడ్‌ను అడ్డంగా పక్కకు వంచి పెడితే ఈ తేడా కళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. నిటారుగా పెడితే తెలియదు. వణుకు పోయిన లూర్‌ను అరగంట ఈడ్చినా ఉపయోగం లేదు, వెంటనే చుట్టి చూడాలి.

రెండు రాడ్లకు మించి వద్దు. ఒకటి 25 మీటర్ల వెనక, రెండోది 40 మీటర్ల వెనక. లూర్ డబ్బా మీద రాసిన లోతు ఫలానా మందం తాడుకు, ఫలానా దూరానికి చెప్పినది. తాడు మందమైతే లూర్ పైకి తేలుతుంది, సన్నదైతే ఇంకా కిందికి దిగుతుంది. 30 పౌండ్ల లాగుడు దాకా తెగని బ్రెయిడ్ (అల్లిన తాడు), దాని చివర మీటరున్నర 50 పౌండ్ల మోనో లీడర్ (ఒంటి పోగు నైలాన్ తాడు) సరిపోతాయి. వాలుగ పళ్లు చిన్నవే కానీ వరుసగా గరుకు పట్టీలా ఉంటాయి, పల్చటి లీడర్‌ను రుద్ది తెంపుతాయి. డ్రాగ్‌ను (చేప లాగితే రీల్ తాడు వదిలే బిగువును) స్ప్రింగ్ కాటాతో 2 నుంచి 2.5 కిలోలకు పెట్టుకోవాలి. బ్రెయిడ్ సాగదు, పడవ కదులుతూనే ఉంటుంది. బిగించి పెడితే చేప నోరైనా చిరుగుతుంది, రాడ్ హోల్డర్ అయినా ఊడుతుంది. రాడ్ పిడికి తాడు కట్టి పడవకు బిగించడం అందుకే.

నేరుగా నడపొద్దు, పాములా మెలికలు తిప్పండి. మలుపులో బయటి వైపు లూర్ వేగం పుంజుకుంటుంది, లోపలిది నెమ్మదించి కొంచెం తేలుతుంది. దెబ్బ ఎటు పడుతోందో చూస్తే ఆ పూట చేపకు వేగం కావాలా, నెమ్మది కావాలా తెలుస్తుంది. మలుపు ఒక్కసారిగా తిప్పితే రెండు తాళ్లూ ముడి పడతాయి, వెడల్పుగా తిప్పాలి. చేప పడితే మోటార్ ఆపి, రెండో రాడ్ ముందు చుట్టేయాలి. మూడు ముళ్ల గాలాలు తీసేసి ఒంటి గాలాలు వేసుకుంటే మొద్దులకు చిక్కుకోవడం సగం తగ్గుతుంది, చేప గిలగిలలాడేటప్పుడు పడవకు గుచ్చుకోవడమూ తగ్గుతుంది. చేప తెచ్చే వైపు పడవ అంచు మీద తడి గోనె సంచి వేయండి, రబ్బరు పూత ఉన్న చేతి వల వాడండి. లూర్ మొద్దుకు చిక్కితే గుంజొద్దు. పడవను వెనక్కి తెచ్చి, చిక్కిన చోటు దాటి అవతలి వైపు నుంచి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది.

మోటార్‌ను ఎక్కువగా చంపేది వల దారమే. మత్స్యకారులు సాయంత్రం వేసిన వలలను తెల్లవారి తీస్తారు. ఖాళీ నీళ్ల సీసాలు, థర్మకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. చీకట్లో బయల్దేరితే అవి కనపడవు, కాబట్టి బాగా వెలుగు వచ్చాకే మోటార్ వేయాలి. ఆ వల వాళ్ల అన్నం. తగిలితే కోయకుండా మోటార్ ఆపి, బ్రేకర్ తీసి, చేత్తో విడదీయాలి. ఇంటికి వచ్చాక ప్రొపెల్లర్ నట్ విప్పి, ప్రొపెల్లర్‌ను బయటికి లాగి తీసి, దాని వెనక ఉండే చిన్న ఇరుసు మీద చూడాలి. వెంట్రుకలా సన్నటి నైలాన్ చుట్ట అక్కడ దాక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే తిరిగి తిరిగి సీల్‌ను కోస్తుంది, నీరు లోపలికి పోతుంది, మోటార్ ఒకనాడు గుర్రుమని ఆగిపోతుంది. ప్రొపెల్లర్ లోపల అడ్డంగా ఉండే చిన్న పిన్ రాయి తగిలినప్పుడు వంగుతుంది. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ పడవ కదలకపోతే అదే కారణం. రెండు పిన్‌లు, ఒక నట్, దానికి సరిపోయే పానా పడవలోనే ఉండాలి. తెడ్డు కూడా.

అనుమతి లేకుండా నీళ్లలో దిగొద్దు. చెరువైతే ఊరి మత్స్య సహకార సంఘాన్ని, జలాశయమైతే మత్స్య శాఖనూ ప్రాజెక్టు అధికారులనూ అడగాలి. చేపలు గుడ్లు పెట్టే వానాకాలపు నిషేధం ఎప్పటిదాకా ఉందో అప్పుడే కనుక్కోవచ్చు. తెలంగాణ వైపు నల్లమల ఒడ్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తాయి, అక్కడ అటవీ శాఖ మాటే చివరి మాట. డ్యామ్ గేట్ల దరిదాపుల్లోకి వెళ్లనే కూడదు. నాగార్జునకొండకు వెళ్లే లాంచీ దారిలో అల వస్తే పడవ ముక్కును అలకు ఎదురు తిప్పాలి. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి, పట్టిన చేపను తాడుకు కట్టి నీళ్లలో వేలాడదీయొద్దు. లైఫ్ జాకెట్ పడవలో పడేసి ఉంచేది కాదు, ఒంటి మీద బెల్టు బిగించి వేసుకునేది. గాలి నింపేది కాకుండా ఫోమ్ రకం తీసుకోండి, గాలం గుచ్చుకున్నా పని చేస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఈదురు గాలి నిమిషాల్లో లేస్తుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, బ్యాటరీ తగ్గాక గాలే వెనక్కి తోసుకొస్తుంది.

నెలల తరబడి వాడనప్పుడు లిథియం బ్యాటరీని సగం చార్జితో నీడలో ఉంచాలి, లెడ్ దాన్ని నిండుగా చార్జి చేసి నెలకోసారి మళ్లీ ఎక్కించాలి. పడవను లోపలి తడి పూర్తిగా ఆరాకే మడవాలి. ఎలుకలకు అందని ఎత్తులో పెట్టండి, గోదాములో పడవకు పడే బెజ్జాల్లో ఎక్కువ వాటివే.